గెడ్డ పొంగిందని చెప్పాను

అరకు వెళ్లే దారిలో మా స్కూలు ఉండేది. రోడ్డు పక్కన మూడు రేకుల షెడ్లు, ఒక వంటపాక, వెనకాల చిన్న మొక్కల నర్సరీ. కొండ మీది ఊళ్ల నుంచి వచ్చిన ముప్ఫై మంది పిల్లలు అక్కడే ఉండి నేర్చుకునేవాళ్లు. నేర్చుకోవడమంటే అక్షరాలు కాదు. బొత్తాలు పెట్టుకోవడం, స్నానం చేయడం, చాప అల్లడం, సంచుల్లో మట్టి నింపి కాఫీ విత్తనం పెట్టడం. మానసిక వికలాంగులు అనేవాళ్లం ఆ రోజుల్లో. నేను విజయనగరంలో పుట్టి, హైదరాబాదులో స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసి, తొంభైల చివర్లో అక్కడ టీచరుగా చేరాను. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులకి మొదటి రోజే ఒక మాట చెప్పేదాన్ని. "వీళ్లకి తెలీదులే అని వీళ్ల ఎదురుగా ఏదిపడితే అది మాట్లాడకండి. వీళ్లకి అన్నీ తెలుస్తాయి." ఆ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

నేను చేరిన ఏడాదే ఆ అమ్మాయి వచ్చింది. అనంతగిరి దగ్గర రోడ్డు దిగి, గెడ్డ దాటి, అంటే కొండవాగు దాటి, నాలుగు కిలోమీటర్లు కొండెక్కితే వాళ్ల ఊరు. తండ్రి లేడు. తల్లి, మేనమామ, ఈ అమ్మాయి. అప్పటికి పధ్నాలుగేళ్లు ఉంటాయనుకున్నాం. తెలివితేటల పరీక్ష పెడితే ఆరేళ్ల పిల్ల స్థాయి అని వచ్చింది. పది దాటితే లెక్క తప్పేది. మాట ఆలస్యంగా వచ్చేది, వచ్చిన మాట మాత్రం అవసరమైన మాటే అయ్యేది. మొదటి ఆరు నెలలు షెడ్డులోకి రాలేదు. నర్సరీలో కూర్చునేది. నేనూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. అలా ఇద్దరికీ స్నేహమైంది.

నారు తీయడంలో ఆమెకి ఎవరూ సాటి వచ్చేవారు కాదు. మిగతా పిల్లలు కాడ పట్టుకుని లాగేవాళ్లు, కాడ నలిగి మొక్క చచ్చిపోయేది. ఈమె ఆకు అంచు పట్టుకుని, రెండో చేత్తో వేరు కింద మట్టిని కదిపి, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తేది. ఎవరు నేర్పారని అడిగితే "అమ్మ" అంది. వాళ్లమ్మ చోడి నారు పోసే మనిషి. మా వైపు రాగుల్ని చోళ్లంటారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా స్కూలుకి సాయం చేసే నెదర్లాండ్స్ వాళ్లు ఒక కబురు పంపారు. అక్కడ వాళ్ల ఊళ్లో ఇలాంటి యువకులే పనిచేసే పూలమొక్కల నర్సరీ ఉంది. మా స్కూలు నుంచి ఒకరిని మూడు నెలలు అక్కడ పనికి తీసుకుంటారు, తోడుగా ఒక టీచరు రావాలి. అది బాగా జరిగితే ఏటా ఇద్దరిని తీసుకుంటారు. స్కూలు నడిపే పెద్దాయన నన్ను పిలిచి ఎవరిని పంపుదామన్నాడు. నేను క్షణం ఆలోచించకుండా ఆ అమ్మాయి పేరు చెప్పాను.

తల్లిని ఒప్పించడానికి కొండెక్కాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చోళ్లు చెరుగుతోంది. నలభై కూడా నిండని మనిషి, గట్టి చేతులు. విషయమంతా విని, చేట కింద పెట్టింది.

"ఇమానం ఎక్కుతాదా మా గుంట?"

"ఎక్కుతుంది. నేను పక్కనే ఉంటాను."

"అక్కడేటి పని సేత్తాది?"

"నారు తీసి నాటే పని. ఇక్కడ చేసేదే."

"ఇక్కడ సేసీదానికి అంత దూరం ఎందుకు టీచరమ్మా?"

నేను చాలా చెప్పాను. అక్కడి వాళ్లు ఇలాంటి పిల్లల్ని పనివాళ్లుగా చూస్తారని, తిరిగొచ్చాక ఇక్కడ కూడా మీ అమ్మాయిని అందరూ అలాగే చూస్తారని. ఆవిడ ఎంతవరకు విందో తెలీదు. చివరికి ఒకటే అంది. "దానికేటైనా అయితే దాసీకు. నాకు సెప్పాల." సరేనన్నాను. పాస్‌పోర్టు కాగితాల మీద వేలిముద్ర వేయడానికి మండలాఫీసుకి మూడుసార్లు దిగివచ్చింది. పుట్టిన తేదీ ఏమిటని గుమాస్తా అడిగితే, చోళ్లు కోసిన రెండో రోజు అని చెప్పింది. ఆ గుమాస్తా నవ్వలేదు. డాక్టరు దగ్గర వయసు సర్టిఫికెట్టు రాయించుకు రమ్మన్నాడు.

మేము వెళ్లింది వేసవి చివర. విమానంలో ఆమె ఒక్కసారి కూడా భయపడలేదు. నేను భయపడి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ నర్సరీ అంతా అద్దాల ఇల్లే. ఒక చివర నిలబడితే రెండో చివర కనిపించదు. పనిచేసేవాళ్లు ఇరవై మంది, అందరూ మా పిల్లల్లాంటివాళ్లే, కానీ పెద్దవాళ్లు. ఎవరి బల్ల దగ్గర వాళ్ల పని వరసగా బొమ్మలు గీసిన అట్టలు వేలాడేవి. పని చూపించే ఆవిడ పొడవాటి మనిషి, యాభై ఏళ్లుంటాయి. ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ అంతంత మాత్రమే. మొదటి రోజే ఆవిడ మా అమ్మాయి చేతుల్ని చూసి, మిగతా పనివాళ్లని పిలిచి చుట్టూ నిలబెట్టింది. ఆకు పట్టుకుని ఎలా ఎత్తుతోందో చూడమంది. అందరూ చూశారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. మా అమ్మాయి తలెత్తలేదు గానీ, ఆ రోజు రొట్టెతో పాటు నేను ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి రెండుసార్లు అడిగి వేసుకుంది.

నాలుగో వారానికి నా అవసరం ఆమెకి లేదు. పొద్దున తనే లేచి, ఆకుపచ్చ కోటు తొడుక్కుని, గడియారంలో పొడుగు ముల్లు పైకి రాగానే బయల్దేరేది. భాష రాకుండానే అందరితో మాట్లాడేది. ఆమె నాటిన ట్రేలకి విడిగా గుర్తు పెట్టేవాళ్లు, అవి పాడవ్వవని. నేను ఒక మూల కుర్చీలో కూర్చుని పెద్దాయనకి రిపోర్టులు రాసేదాన్ని. రాస్తూ రాస్తూ కళ్లు తుడుచుకునేదాన్ని. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా తక్కువ.

ఆదివారం ఆదివారం స్కూలు నుంచి ఫోను వచ్చేది. తల్లి కొండ దిగి వచ్చి ఆఫీసు గదిలో కూర్చునేది. తల్లీకూతుళ్లు ఏమంత మాట్లాడుకునేవాళ్లు కాదు.

"తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను. సలేత్తందా?"

"ఏత్తంది."

తర్వాత ఇద్దరూ ఊరికే ఫోను పట్టుకుని ఉండేవాళ్లు. పెద్దాయన గొంతు సవరించుకునేదాకా.

మొదటి రోజు చప్పట్లు కొట్టినాయన వాళ్ల నాన్న ఒకరోజు పొద్దున్నే పోయాడు. ఫోను రాగానే పని చూపించే ఆవిడ బల్లల మధ్య నుంచి నడిచి వెళ్లి, ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. నాకు ఆ భాష రాదు, కానీ ఆవిడ చాలా కొద్ది మాటలే చెప్పిందని తెలిసింది. ఆయన గట్టిగా ఏడ్చాడు. మిగతావాళ్లు పని ఆపి వచ్చి చుట్టూ కూర్చున్నారు. మా అమ్మాయి కూడా వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నాలుగు రోజుల తర్వాత ఆయన తిరిగొచ్చి, నాన్నని ఎలా మట్టి చేశారో ఒక్కొక్కరికీ చేతులతో చూపిస్తూ చెప్పుకున్నాడు. తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్లి పని మొదలుపెట్టాడు. ఇదంతా నేను చూశాను. చూడలేదని చెప్పడానికి లేదు.

ఏడో వారం ఆదివారం నాడు ఫోను రాలేదు, లైను కలవలేదనుకున్నాం. మంగళవారం నాడు పెద్దాయన ఫోను చేశాడు. ఆదివారం కాని రోజు ఎప్పుడూ చేసేవాడు కాదు.

"వాళ్లమ్మ పోయిందమ్మా," అన్నాడు. "జ్వరం. తలకెక్కింది. డోలీ కట్టి రోడ్డు దాకా తెచ్చారు. జీపు దొరికేసరికి ప్రాణం పోయింది. శనివారం. మట్టి కూడా అయిపోయింది."

ఆయనే మళ్లీ అన్నాడు.

"చెప్పాలా వద్దా అన్నది నువ్వే ఆలోచించు. చెబితే వచ్చేస్తానంటుంది. వచ్చినా ఇప్పుడు చూడ్డానికేం లేదు. ఇంకా అయిదు వారాలుంది. చివర్లో వాళ్లు చూసి వచ్చే ఏడాది సంగతి నిర్ణయిస్తారు. అది కూడా ఆలోచించు."

ఆలోచించాను. ఎంతసేపో కాదు, గది నుంచి అద్దాల ఇంటికి నడిచే దూరం. ఆమె బల్ల దగ్గర వంగి పనిచేసుకుంటోంది. నన్ను చూసి, తను నింపిన ట్రే చూపించింది. బాగుందన్నాను. అంతే, అక్కడితో నిర్ణయం అయిపోయింది. ఇంటికెళ్లాక చెబుదాం, అక్కడైతే మేనమామ ఉంటాడు, మన భాష ఉంటుంది. ఇక్కడ చెబితే ఈ పిల్ల ఏమైపోతుంది, అసలు ఏం అర్థమవుతుంది? అవును, ఆ మాటే అనుకున్నాను. ఏం అర్థమవుతుందని. నలుగురికీ వద్దని నేర్పిన మాట నా మనసులోకి ఎంత తేలిగ్గా వచ్చిందో.

పని చూపించే ఆవిడకి మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఆమెకి తెలుసా?"

"లేదు. ఊరెళ్లాక చెప్తాను."

"అది ఆమె తల్లి. ఆ వార్త ఆమెది. నీ దగ్గర పెట్టుకోవడానికి నీది కాదు."

మా వాళ్ల సంగతి మీకు తెలీదన్నాను. మా దేశంలో ఇలాగే చేస్తామన్నాను. ఆవిడ "నువ్వు ఆమె టీచరువి. నేను నిన్ను దాటి చెప్పలేను," అని వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో పనికి సంబంధించిన మాటలే మాట్లాడింది.

ఆదివారం వచ్చింది. ఫోను మోగింది. ముందుగా అనుకున్నట్టే పెద్దాయన రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. ఆమె ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉంది.

"అమ్మ రానేదా?"

"వానలమ్మా అక్కడ. గెడ్డ పొంగిందట. దాటలేకపోయింది."

సరేనన్నట్టు తలూపింది. తర్వాతి ఆదివారం కూడా అదే చెప్పాను. మూడో ఆదివారం కూడా. అప్పుడు ఆమె ఫోను పెట్టేసి నా మొహంలోకి చూసింది.

"గెడ్డ మూడు దినాలే ఉంటాది టీచరమ్మా. తగ్గిపోతాది."

పది దాటితే లెక్క తప్పే పిల్ల. ఆ గెడ్డ ఎన్నాళ్లు పొంగుతుందో, ఎక్కడ రాయి తేలితే దాటొచ్చో పుట్టినప్పటి నుంచి తెలిసిన పిల్ల. ఈసారి వానలు ఎక్కువన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాతి ఆదివారం ఫోను దగ్గరికి రాలేదు. అద్దాల ఇంటికి సెలవైనా కిటికీలోంచి అటే చూస్తూ కూర్చుంది. తిండి తగ్గింది. పని మాత్రం తప్పలేదు. ఇంటి మీద బెంగ అని రిపోర్టులో రాశాను.

చివరి రోజు అందరూ కలిసి ఆమెకి ఆకుపచ్చ కోటు కొత్తది ఇచ్చారు, జేబు మీద ఆమె పేరు కుట్టి. చూడ్డానికి వచ్చిన పెద్దలు ఆమె చేతి పని చూసి మెచ్చుకున్నారు. వచ్చే ఏడాది ఇద్దరిని పంపమన్నారు. గదికొచ్చాక ఆమె ఆ కోటు మడతపెట్టి నాకిచ్చింది.

"అమ్మకి సలి. ఇది అమ్మకి."

అప్పుడైనా చెప్పాల్సింది. కోటు తీసుకుని సంచిలో పెట్టాను. విమానంలో చెబుదామనుకున్నాను. ముంబైలో దిగాక చెబుదామనుకున్నాను. విశాఖ రైల్లో రెండు పగళ్లు ఆమె ఎదురుగా కూర్చున్నాను. ప్రతి స్టేషనులోనూ తర్వాతి స్టేషనులో చెబుదామనుకున్నాను. స్కూలుకి వెళ్లాక పెద్దాయన గదిలో కూర్చోబెట్టి, మేనమామని పిలిపించి చెబుదామని చివరికి తేల్చుకున్నాను. కానీ అనంతగిరి దాటాక, వాళ్ల ఊరి బాట కనబడగానే ఆమె మేము విశాఖలో ఎక్కిన జీపు ఆపించి దిగిపోయింది. డ్రైవరు నా వైపు చూశాడు. నేనూ దిగాను.

ఆమె ముందు నడుస్తోంది, నేను వెనక. కొండ గాలి తగలగానే నడక వేగమైంది. గెడ్డలో నీళ్లు మడమల దాకా కూడా లేవు. దాటి అవతలి గట్టు మీద నిలబడి, ఒకసారి వెనక్కి తిరిగి నీళ్లని చూసింది. నేను పిలిచాను. "ఆగమ్మా, ఒక మాట చెప్పాలి." ఆగలేదు.

ఊరి మొదట్లో బట్టలుతుకుతున్న ఆడవాళ్లు ఆమెని చూశారు. ఒకావిడ లేచి, తడి చేతులతోనే వచ్చి ఆమెని కావలించుకుని రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. "మీ యమ్మ ఎల్లిపోనాదే, నీకోసం సూసి సూసి ఎల్లిపోనాదే," అంటూ. ఇళ్లలోంచి మిగతావాళ్లు వచ్చారు. ఆమె ఆ చేతుల మధ్య కర్రలా నిలబడి ఉంది. మేనమామ వచ్చేసరికి అడిగింది.

"ఎప్పుడు?"

"వానల్లో. నెలన్నర కావొస్తంది. టీచరమ్మ సెప్పనేదా?"

ఆమె నా వైపు తిరిగింది.

"నీకు తెల్సా?"

"తెలుసు."

"అక్కడున్నప్పుడు తెల్సా?"

"తెలుసమ్మా."

ఏడవలేదు. అరవలేదు. నా దగ్గరికి వచ్చి నా భుజాన ఉన్న సంచి తీసుకుని, అందులోంచి కోటు తీసి, సంచి నాకు తిరిగి ఇచ్చింది. మేనమామ చెయ్యి పట్టుకుని ఊరవతల మట్టి చేసిన చోటికి వెళ్లింది. అక్కడ రాళ్లు పేర్చి ఉన్నాయి. కోటు విప్పి వాటి మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టింది. నేను దూరంగా నిలబడ్డాను.

ఆమె స్కూలుకి మళ్లీ రాలేదు. ఆ ఏడాదిలో మూడుసార్లు కొండెక్కాను. ఒకసారి చేలోకి వెళ్లిపోయింది. ఒకసారి నాకు వీపు పెట్టి పొయ్యి దగ్గర కూర్చుని లేవలేదు. మూడోసారి నెదర్లాండ్స్ నుంచి వచ్చిన సర్టిఫికెట్టు పట్టుకెళ్లాను. మేనమామ తీసుకుని చూరులో పెట్టాడు. మరుసటి ఏడాది ఇంకో ఇద్దరు విద్యార్థులు అక్కడికి పనికి వెళ్లారు. బాగా చేశారు. వాళ్లతో వేరే టీచరు వెళ్లింది. నన్ను వెళ్లమన్నారు, ఆరోగ్యం బాలేదని చెప్పాను. ఈ కార్యక్రమం మొదలవడానికి నా కృషే కారణమని ఒక సభలో శాలువా కప్పారు. అది కప్పుకుని కుర్చీలో కూర్చోవడం నాకు బాగా గుర్తుంది, గుర్తుండకపోతే బాగుండేది.

అయిదారేళ్లకి, నేను స్కూలు వదిలి విజయనగరం వెళ్లిపోయే ముందు, ఆఖరిసారి ఆ ఊరు వెళ్లాను. అప్పటికి కొండ మీద కాఫీ తోటలు పెరిగాయి. ఊరంతటికీ కలిపి ఒక నర్సరీ వేసుకున్నారు. పందిరి కింద పదిమంది ఆడవాళ్లు సంచుల్లో నారు నాటుతున్నారు, మధ్యలో ఆమె. ఎవరో కొత్త కోడలు కాడ పట్టుకుంటే, ఆ చెయ్యి పట్టుకుని ఆకు మీదికి జరిపింది. నన్ను చూసింది. ఈసారి లేచి వెళ్లిపోలేదు. బోర్లించిన బుట్ట ఒకటి నా వైపు జరిపింది.

కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, వచ్చినట్టే అనేశాను. "అప్పుడు నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు చేశాను."

చేతిలో ఉన్న మొక్క నాటి, మట్టి అదిమి, సంచి వరసలో పెట్టింది. ఇంకోటి అందుకుంది. విన్నదో లేదో అనుకున్నాను.

"ఏడ్సీదాన్ని," అంది.

"ఏమిటమ్మా?"

"సెప్పుంటే అక్కడే ఏడ్సీదాన్ని. ఆల్లు నా సుట్టూరా కూసుందురు." సంచిలో మట్టి అదిమింది. "ఏడ్సి, పని సేసీదాన్ని."

మబ్బు పట్టింది. ఆడవాళ్లు పందిరి మీద ప్లాస్టిక్ పట్టా లాగడానికి లేచారు, ఆమె వాళ్లతో వెళ్లింది.

మేనమామ నాతో రోడ్డు దాకా వచ్చాడు. జబ్బు మనిషయిపోయాడు, కొంచెం దూరానికో చోట ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఒకచోట ఆగినప్పుడు అడిగాడు.

"నీతో మాటాడిందేటి?"

మాట్లాడిందన్నాను.

"అప్పుడు ఒచ్చినప్పుడు కంట నీరు పెట్టనేదు కదా. పై ఏడు సోడి నారు పోసినప్పుడు ఏడ్సింది. మడిలో కూకుండిపోయి రెండు దినాలు. ఎవులాపినా ఆగనేదు. ఏదో రోగమనుకుని ఆసుపత్రికి కూడా మోసుకెల్లినాం. నీకు కబురెడదామనుకున్నాం. మల్లా వొద్దనుకున్నాం."

ఎందుకు వద్దనుకున్నారని నేను అడగలేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆయన తన గొడుగు నాకిస్తానన్నాడు, వద్దన్నాను. జీపు కిక్కిరిసి ఉంది. సంతకి వెళ్లే ఆడవాళ్లు సర్దుకుని నాకు కాస్త చోటిచ్చారు.